శికంజా కింద లయి

ఛత్తా బజార్‌ల మా దుకాణం
మెట్ల కింద ఆరడుగుల గూడు.
పెండ్లికార్డుల ప్రెస్సుల నడుమ
పాత లెడ్జర్లకు జిల్దు కట్టుడు నా పని.
ఇరవై ఆరేండ్ల సంది
పుస్తకాల వీపులే చూసిన.
నా వీపు నాకెప్పుడూ కనబడలే.

ఆషాఢంల ఒక పొద్దుగాల
దఫ్తీ కట్ట,
పెద్దదేం కాదు, రోజూ లేపేదే,
వంగిన.
లేవలే.

చప్పుడేం రాలే. నోట్లకెళ్లి తిట్టు గూడ రాలే.
పిర్ర కాడ మొదలుపెట్టి, పిక్క మీదికెళ్లి
బొటనవేలు దాక
ఎవడో ఎర్రగ కాల్చిన దబ్బనంతోని
ఒక్కటే కుట్టు వేసుకుంట పోయిండు.
కుట్టుడే నా బతుకు.
ఈ చెయ్యి మాత్రం నేనెరుగ.

అంజద్ భాయ్ ఆటోల అడ్డం పండబెట్టిండు.
నయాపూల్ దాటేటప్పుడు ఒక్కో గుంత
నా ఎముకలు లెక్కబెట్టింది.
దవాఖాన చేరకముందే ఫోన్‌ల సలహాలు.
"డిస్కు జరిగినట్టుంది, తొక్కించుకో" అని మేనత్త,
"ఎదురుకాళ్లతోని పుట్టినోడు
మా గల్లీలనే ఉన్నడు, ఒక్క తన్ను చాలు" అని బావమరిది.

డాక్టర్ సబీహా నల్ల ఫిల్మును
కిటికీ వెలుగుకు పట్టింది.
"జరగలేదు," అన్నది. "అది ఎటూ జరగదు.
ఎముకకూ ఎముకకూ మధ్య ఒక మెత్త.
చుట్టూ గట్టి పొరలు, లోపల గుజ్జు.
పొర చిట్లింది. గుజ్జు కొంచెం బయటికొచ్చి
నరం మీద కూచుంది."

నవ్వొచ్చింది. నవ్వితే కాలు గుంజింది.
లయి అమ్మా, అన్న.
మైదా ఉడకబెట్టి లయి పూసి
దఫ్తీ మీద దఫ్తీ ఉంచి శికంజా తిప్పుతం.
ఆత్రానికి ఒక చుట్టు ఎక్కువ పడ్డదా
అంచులకెళ్లి లయి ఉబుకుతది,
పక్క కాయితాన్ని పట్టుకుంటది.
లాగితే అక్షరం చినుగుతది.

"అదే," అన్నదామె, రాసుడు ఆపి.
"కాకపోతే ఆ ఒక్క చుట్టే కాదు, ఇరవై ఆరేండ్లు.
ఉబికినదాన్ని ఒళ్లే మెల్లగ తుడుచుకుంటది,
చాలామందికి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు."
కోత?
"ఇప్పుడే ఎందుకు? మంచం పట్టకు, ఓర్చుకున్నంత నడువు.
కానీ ఒంటికి ఆగిపోయినా, తెలియకుండ పోయినా,
తొడల నడుమ తిమ్మిరెక్కినా, పాదం వేలాడినా
రాత్రని చూడకు, ఉరికిరా."
ఉరుకుడైతే కష్టమే అన్న.
ఆమె నవ్వలే. ఇంకోసారి చెప్పింది, వేళ్లు మడిచి.

కట్టు లేని నొప్పిని ఎవరు నమ్ముతరు?
"ప్లాస్టరేది?" అన్నడు సేటు.
ఫిల్ము చూపిస్తే తలకిందులుగ పట్టుకున్నడు.

ఇంట్ల భూదేవి నా కాలిగోళ్లు తీసింది.
నేను గోడ దిక్కు చూసిన.
ఆమె ఏమనలే.
ఒక్క బొటనవేలు కాడ మాత్రం ఆగి
"తెలుస్తున్నదా?" అని అడిగింది.
తెలుస్తున్నదన్న. అబద్ధం.

పొద్దుగాల నడిచిన.
మొదటి రోజు మూలమీది ట్రాన్స్‌ఫార్మర్ దాక,
వారానికి ఇరానీ హోటల్ దాక,
అక్కడ నిలబడే చాయ్. కూసుంటే కాలు మండుతది.
ఒకరోజు రెండు గల్లీలు ఎక్కువ పోయిన,
తెల్లారి గుమ్మం దాటలే.

దీపావళి దాటినంక దుకాణం తీసిన.
ఇప్పుడు కట్టలు సలావుద్దీన్ లేపుతడు,
"మోకాళ్లు వంచు బేటా" అని రోజూ అంట,
పద్దెనిమిదేండ్లోడు, వినడు.
నిన్న ఒక కిరాణా ఖాతా వచ్చింది, వీపు పగిలి,
పేజీలు నాలుకలోలె బయటికేసుకొని.
"ఎవరు పడేసిండ్రు చాచా?"
ఎవరూ పడెయ్యలే రా.
రోజూ తెరిచిండ్రు, అంతే.

లయి పూసిన. శికంజా తిప్పిన.
ఒక చుట్టు వెనుకకు వదిలిన.
అప్పుడే తుమ్మొచ్చింది,
లయి చేతులతోనే గోడ పట్టుకున్న.